రెండు పాల నడుమ పూణే

మా బావ వెంకటరమణప్పకు కిలోమీటర్ల మీద నమ్మకం లేదు. ఆయన లెక్కలో ఊళ్లు రెండే రకాలు. పొద్దున ఆవుపాలు పిండి బయల్దేరితే సాయంత్రం మళ్లీ పాలు పిండే వేళకు ఇంటికి చేరగలిగే ఊళ్లు దగ్గర. చేరలేనివి దూరం. దగ్గరివాటిని ఆయన "రెండు పాల నడుమ ఊళ్లు" అంటాడు. చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం రెండు పాల నడుమ ఊళ్లే. విదురాశ్వత్థం కూడా అంతే, కాకపోతే దర్శనం తొందరగా కావాలి. బెంగళూరు ఒకనాడు దగ్గర, ఇంకోనాడు దూరం. అది హెబ్బాళ దగ్గర బండ్ల రద్దీని బట్టి ఉంటుంది. తిరుపతి మాత్రం ఎప్పుడూ దూరమే. అందుకని ఏడుకొండలవాడిని సైతం మా బావ ఆవు ఒట్టిపోయిన నెలల్లోనే చూసి వస్తాడు.

ఈనడానికి ముందు ఆవు కొన్నాళ్లు పాలివ్వదు. దాన్నే ఒట్టిపోవడం అంటారు. ఆ కొన్నాళ్లే మా బావకు సెలవులు. పెళ్లిళ్లకు పోవడం, పుచ్చిన పన్ను పీకించుకోవడం, కోర్టు పని ఉంటే చూసుకోవడం, అన్నీ అప్పుడే. పెద్దకూతురు నేత్ర పెళ్లికి ముహూర్తం పెట్టింది కూడా ఆవే. పురోహితుడు పంచాంగం తిప్పి దానికి తగ్గ తిథిని వెతికిపెట్టాడు, అంతవరకే ఆయన పని.

ఇంత తెలిసినవాణ్ని నేనెవరంటే, ఆయన భార్య అక్కయమ్మకు తమ్ముణ్ని. పేరు నాగరాజ్. చుట్టుపక్కల తోటల నుంచి టమోటాలు ఎత్తుకుని మార్కెట్టుకు తోలే పికప్ బండి ఉంది నాకు. బావను ఆటపట్టించడం బావమరిది హక్కు. నేను ఆ హక్కును ఏనాడూ వదులుకోలేదు. ఆయన కూడా నన్ను తిట్టే హక్కును వదులుకోలేదు కాబట్టి మా ఇద్దరికీ బాగానే సాగుతోంది.

మురుగమల్ల దాటి కొంచెం లోపలికి పోతే వాళ్ల ఊరు. పాకలో ఉండేది ఒక్కటే సీమావు, పేరు గౌరి. అది మా బావ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ చేపదు, అంటే పాలు దించదు. ఇది ఆయన చెప్పే మాట. కొత్త చెయ్యి తగిలితే కాలెత్తి బకెట్టును గడప దాకా పంపుతుంది. ఇది నేను కళ్లారా చూసిన మాట, ఎందుకంటే ఆ చెయ్యి నాది. పోయినేడు బావకు పెద్ద జ్వరం వచ్చింది. ఒంటి మీద తెలివి లేకుండా మూడు రోజులు పడుకున్నాడు. అయినా ఒక్క పూట పాలు ఆగలేదు. జ్వరంలోనే లేచిపోయి పిండి వచ్చాడని, ఆ సంగతి ఆయనకే గుర్తులేదని మా అక్క చెప్పింది. ఆ కథను బావ పాల డైరీ దగ్గర, బస్టాండులో, టీ అంగట్లో ఎన్నిసార్లు చెప్పాడో. తనకు గుర్తులేని విషయాన్ని అంత వివరంగా చెప్పగల మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఇలాంటి మనిషి ఇంట్లో చిన్నకూతురు ఆశకు సంబంధం కుదిరింది. ఆశ బెంగళూరులో కంపెనీ ఉద్యోగం చేస్తుంది. అబ్బాయి పేరు అమరేష్. కైవారం వైపు వాళ్లు. మాకు పాత పరిచయమే, రైతు కుటుంబం. జాతకాలు కలిశాయి. అంతకంటే ముందే వాళ్లిద్దరి మనసులు కలిశాయని నాకు తెలుసు, మా అక్కకూ తెలుసు. బావకు తెలియనట్టు మేమందరం నడుచుకుంటున్నాం. అన్నీ సరిపోయి తాంబూలాలు మార్చుకోబోయే ముందు అబ్బాయి ఉద్యోగం పూణేలో అని, ఆశ కూడా అక్కడికే బదిలీ పెట్టుకుందని బయటపడింది. బావ తాంబూలం పళ్లెం పక్కకు జరిపి, పూణేకు పిల్లనివ్వనని చెప్పి పాకలోకి వెళ్లిపోయాడు.

ఆయన కారణం ఆయనకు ఉంది. నేత్రను దిబ్బూరహళ్ళికి ఇచ్చాడు. బండి మీద గంట కూడా పట్టదు. ఆ పిల్లకు తలనొప్పి వచ్చిందన్నా పాలు పిండి పోయి చూసి, పాలకు తిరిగి రావచ్చు. పూణేలో ఆశకు ఏదైనా అయితే తండ్రి పోయేదెట్లా అన్నాడు. రైలులో రాత్రంతా పోవాలి, పగలంతా రావాలి. అంతలో గౌరి పొదుగు రాయి అయిపోతుంది. తండ్రి అనవలసిన మాటే కదా అని మేమెవరమూ మారుమాట్లాడలేదు. నాకైతే ఆ ఒక్క నిమిషం ఆయన మీద గౌరవం కూడా కలిగింది.

ఆశ మాత్రం ఊరుకోలేదు. సెల్లు తీసి తండ్రి ముందు పెట్టింది. బెంగళూరు నుంచి పూణేకు రోడ్డు మీద ఎనిమిది వందల కిలోమీటర్ల పైన. విమానంలో గంటన్నర. చింతామణి నుంచి బెంగళూరుకు బస్సులో పోతే అంతకంటే ఎక్కువ పడుతుందని, ఆ లెక్కన పూణే బెంగళూరు కంటే దగ్గరని వాదించింది. మా బావ ఆ సెల్లును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఆకాశంలో ఉండే టైమే చెప్తాండాది. ఆకాశంలో ఎవరుండారమ్మా? మన పాకలో నుంచి వాళ్ల గడప దాకా ఎంతో అది చెప్పమను" అన్నాడు.

సెల్లు ఆ మాట చెప్పలేకపోయింది. పైగా అదే సెల్లు ఒకసారి బాగేపల్లికి అడ్డదారి చూపిస్తానని మమ్మల్ని ఎండిపోయిన చెరువులోకి దింపింది. ఆ విషయం బావ మరిచిపోలేదు. తండ్రీకూతుళ్లు రెండు రోజులు ఎడమొహం పెడమొహంగా తిరిగారు. మూడోరోజు పొద్దున ఆశ పాకలోకి పోయి, ఆయన పాలు పిండుతుండగానే తేల్చేసింది. పాలు పిండి బయల్దేరు, పూణే పోయి అమరేష్ ఇల్లు చూడు, సాయంత్రం పాలకు వచ్చెయ్యి. రాగలిగితే పెళ్లి. రాలేకపోతే నేనే ఈ సంబంధం వద్దంటాను. బావ నురగ మీద నుంచి తల ఎత్తకుండానే సరే అన్నాడు. ఆయన సరే అంటే సరేనే. పిల్ల కూడా అంతే, ఆ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

తోడు నేను పోవాలన్నారు. ఎందుకయ్యా అంటే నాకు హిందీ వచ్చునట. మార్కెట్టుకు వచ్చే ఉత్తరాది లారీవాళ్లతో బేరమాడీ ఆడీ నాకు పట్టుబడిన హిందీ ఎంత, తక్కువ, ఎక్కువ, రేపు, కుళ్లిపోయింది, ఈ అయిదు మాటలే. వాటితో విమానం ఎక్కవచ్చునని ఆ ఇంట్లో అందరూ నమ్మారు.

బయల్దేరిన రోజు ఆశ సెలవు పెట్టి ఊళ్లోనే ఉంది. మా అక్క పోయిన నెల బచ్చలింట్లో నీళ్లు పోసుకుంటూ జారిపడి మణికట్టుకు పట్టీ వేసుకుని ఉంది. సాయంత్రం ఆలస్యమైతే గౌరి సంగతేమిటని నేను అడిగితే, ఆలస్యం కాదని ఆశ, అవుతుందని బావ, ఒకేసారి అన్నారు. మా అక్క ఏమీ అనలేదు. ఆమె ఏమీ అననప్పుడు జాగ్రత్తపడాలని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, కానీ ఆవేళ పట్టించుకోలేదు.

బావ తెల్లపంచె, తెల్లచొక్కా తొడుక్కుని, చేతిలో స్టీలు క్యానుతో వచ్చి బండెక్కాడు. అందులో గౌరి పొద్దుటి పాలు. అల్లుడు కాబోయేవాడికి కానుక అనుకున్నాను. కాదట. పచ్చిపాలు పూణే చేరేసరికి విరగకుండా ఉంటే ఊరు దగ్గర, విరిగితే దూరం. గడియారాలు విమానం వాళ్లు మార్చగలరేమో గానీ పాలను మార్చలేరని ఆయన ధీమా.

దిబ్బూరహళ్ళి మీదుగా చిక్కబళ్లాపురం పోయి, అక్కడి నుంచి దేవనహళ్ళి విమానాశ్రయానికి దారి. నేత్ర ఇల్లు ఆ రోడ్డు మీదే. పట్టుపురుగులు పెంచుతారు, వాటిని వదిలి పుట్టింటికి రావడం కూడా ఆ పిల్లకు కుదరదు. ఇంటి ముందు గోడకు చంద్రికలు ఆనించి ఉన్నాయి. పురుగులు గూళ్లు కట్టే వెదురు తట్టలవి. పంట చేతికొచ్చే ముందు వాటిని ఎండకు పెడతారు. నేను బండి నెమ్మదిచేసి ఒక్క నిమిషం ఆగి పోదామా అన్నాను. ఇప్పుడు టైము లేదు, వచ్చేటప్పుడు చూద్దామన్నాడు బావ, గడియారం మీద నుంచి కళ్లు తీయకుండా. అలవాటు కొద్దీ ఒకసారి హారన్ కొట్టి ముందుకు పోయాను.

విమానాశ్రయం గేటు దగ్గర కావలివాడు నా పికప్‌ను చూసి, కూరగాయల లోడు అటువైపు అని చెయ్యి చూపించాడు. లోడు లేదు, మనుషులమేనని నమ్మించేసరికి కొంత సమయం పోయింది. ఆ సమయాన్ని కూడా బావ లెక్కలో వేసుకున్నాడు. గంటన్నర ప్రయాణానికి అంత ముందుగా ఎందుకు రమ్మంటారని ఆయన నన్ను నిలదీశాడు, ఆ కంపెనీ నాదైనట్టు.

తనిఖీ దగ్గర పాలక్యాను ఆపేశారు. అన్ని పాలు లోపలికి రావడానికి వీల్లేదట. అక్కడి పోలీసు హిందీలో ఏదో అడిగాడు. నాకొచ్చిన అయిదు మాటల్లో పాలకు పనికొచ్చేది ఒక్కటే, కుళ్లిపోయింది అన్నది. అది అంటే పని ఇంకా చెడుతుందని నోరు మూసుకున్నాను. పక్కనున్న కన్నడమ్మాయి నవ్వుతూ చెప్పింది, పారబోయాలి లేదా తాగెయ్యాలి అని. మా బావ పాలు నేలన పొయ్యడమా? వరస పక్కకు జరిగి క్యాను మూత తీసి, తాను సగం తాగి, మిగతా సగం నా చేతికిచ్చాడు. వద్దంటే ఆయన చూసిన చూపుకు, గుటకలు మింగడం తప్ప వేరే దారి లేకపోయింది. అట్లా మేము కొలబద్దను తాగేసి విమానమెక్కాం.

విమానం కదిలింది గానీ ఎగరలేదు. నేల మీద అటు తిరిగి, ఇటు తిరిగి, ఆగి, మళ్లీ తిరిగింది. ఇది పూనా దాకా రోడ్డు మీదనే పోతాదా ఏమని బావ నన్ను మోచేత్తో పొడిచి అడిగాడు. తర్వాత నిజంగానే పైకి లేచింది. కిటికీకి ముక్కు ఆనించి చాలాసేపు కిందికి చూశాడు. మన ఊరు అటువైపా, ఇటువైపా అని ఒకసారి అడిగాడు. తెలియదన్నాను. కాసేపటికే కిందికి దిగుతున్నామని చెప్పారు. అంత తొందరగా వచ్చేశామా అని ఆయన మొహం చిన్నబోయింది. అప్పుడు నాకు అర్థమైంది, ఈ మనిషి పూణే దూరంగా ఉండాలని కోరుకుంటున్నాడు. కూతుర్ని ఇవ్వకపోవడానికి ఆయనకున్న ఒకే ఒక్క సాకు ఆ దూరం, కింద నేల దగ్గరపడే కొద్దీ అది కరిగిపోతోంది.

అమరేష్ బయట నిలబడి ఉన్నాడు. పెద్దవాళ్లు కనబడగానే వంగి కాళ్లకు మొక్కి, బాగుండారా అని కూడా అడగకముందే, "మామా, పొద్దున గౌరి సరిగ్గా చేపిందా?" అన్నాడు. ఇది ఆశ నేర్పిన మాటో, వాడి సొంత మాటో నాకు తెలియదు. ఎవరిదైనా సరే, దెబ్బ సరైన చోట తగిలింది. దారి పొడుగునా బావ వాడికి గౌరి దాణా గురించి చెప్పాడు.

ఇల్లు విమానాశ్రయానికి దగ్గరే, నాలుగో అంతస్తు. కాఫీ పెట్టడానికి అబ్బాయి పాల ప్యాకెట్టు కత్తిరిస్తుంటే బావ దాన్ని వాసన చూసి, ఏమీ అనకుండా కింద పెట్టాడు. ఏమీ అనకపోవడం ఆయన చేయగలిగిన పెద్ద మర్యాద. తర్వాత లేచి ఇల్లంతా తిరిగాడు. వంటింట్లో కుళాయి తిప్పి చూశాడు. కిటికీలు తెరిచి ఎండ ఎటు నుంచి వస్తుందో చూశాడు. పక్కింట్లో ఎవరుంటారని అడిగాడు. బాల్కనీలో నిలబడి, చివరికి నెమ్మదిగా, "ఆశ బట్టలు యాడ ఆరేసుకుంటాది?" అన్నాడు. అమరేష్ తీగ కట్టి ఉన్న చోటు చూపించాడు. బావ ఆ తీగను రెండుసార్లు లాగి చూశాడు, గట్టిగానే ఉంది. నాకు ఆ క్షణంలో ఆయనను ఆటపట్టించాలని అనిపించలేదు.

అంతా అనుకున్నట్టు జరిగితే ఆశ గెలిచినట్టే. తిరిగి విమానాశ్రయానికి పోయి కూర్చున్నాం. అప్పుడు బోర్డు మీద మా విమానం ఆలస్యమని పడింది. మమ్మల్ని తీసుకుపోవలసిన విమానం వేరే ఊరి నుంచి ఇంకా రానేలేదట. ఒక గంట అన్నారు. ఆ గంట అయ్యాక ఇంకో గంట అన్నారు. బస్సయితే డ్రైవరు టీ అంగట్లో ఉన్నాడో లేదో చూసి రావచ్చు, ఇక్కడ ఎవరిని చూడాలని బావ అడిగాడు. ఈసారి నేనూ కోపంగానే ఉన్నాను. ఆ పొద్దుటి పచ్చిపాలు కడుపులో చేస్తున్న పని వల్ల నా కోపం ఇంకా పెరిగింది.

ఆశ ఫోన్ చేసింది. విషయం చెప్పాను. "మామా, ఎట్లన్నా చెయ్యి" అంది.  నేనేం చేసేది? విమానాన్ని వెనక నుంచి తోసేది ఉంటే తోసేవాణ్నే. పందెం ఆ పిల్లే పెట్టింది, మాట తప్పే పిల్ల కాదు. ఆలస్యమయ్యే ప్రతి నిమిషమూ దాని పెళ్లి మీద పడుతోందని తెలిసి నాకు మనసు పాడైపోయింది.

గెలుస్తున్న బావ సంతోషంగా ఉన్నాడేమో అని చూశాను. లేడు. పొదుగు బిగిసిపోయుంటాది, అరుస్తాండాదేమో, అని తనలో తానే అనుకుంటున్నాడు. మా అక్కకు ఫోన్ చేసి, వేన్నీళ్ల గుడ్డతో కాపడం పెట్టమని, దగ్గరికి మాత్రం పోవద్దని చెప్పాడు. దగ్గరికి పోకుండా కాపడం ఎట్లా పెట్టాలో నాకు అర్థం కాలేదు. అక్క మాత్రం సరే, నిదానంగా రా అని పెట్టేసిందట. ఆ నిదానం మాట ఆయనకు అసలు నచ్చలేదు.

దేవనహళ్ళిలో దిగేసరికి డైరీలో పాలు తీసుకునే వేళ దాటిపోయింది. నేను బండిని టమోటా రేటు పడిపోతున్నప్పుడు తోలినట్టు తోలాను. దిబ్బూరహళ్ళి వచ్చింది. నేత్ర ఇంటి ముందు చంద్రికలు లేవు, లోపల లైటు వెలుగుతోంది. వచ్చేటప్పుడు చూద్దామన్నాడు కదా అని బావ వైపు చూశాను. "ఇప్పుడు యాడ టైము" అన్నాడు. బండి ఆపలేదు.

ఇల్లు చేరాం. బండి పూర్తిగా ఆగకముందే బావ దిగి పాకలోకి పరుగెత్తాడు. వెనకే నేను. గౌరి పడుకుని తీరిగ్గా నెమరు వేస్తోంది. పొదుగు ఖాళీగా, మెత్తగా ఉంది. ఆవు పక్కన ముక్కాలిపీట మీద, బావ పాత గళ్ల చొక్కా తొడుక్కుని, తలకు ఆయన తువ్వాలు చుట్టుకుని, ఎవరో కూర్చుని దూడ గంగడోలు నిమురుతున్నారు. ఆ మనిషి తిరిగి చూస్తే నేత్ర.

పాలు డైరీకి వేళకే పోయాయని, డైరీ పాపన్న ఎప్పటికంటే చిక్కగా ఉన్నాయని కూడా అన్నాడని చెప్పింది. బావ వంగి పొదుగు తడిమి చూశాడు. గౌరి నీ చేతికి ఎట్ల చేపిందని అడిగాడు. అప్పుడు మా అక్క వాకిట్లోంచి తాపీగా చెప్పింది. ఆవుకు కావలసింది ఆయన చెయ్యి కాదు, ఆయన చొక్కా వాసన. పోయినేడు జ్వరంలో లేచి పాలు పిండింది ఆయన కాదు, ఆ గళ్ల చొక్కా వేసుకుని మా అక్క. మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, చెబితే రెండు పూటలా తనకే అంటగడతాడని. ఇప్పుడు మణికట్టు బాగాలేదు కాబట్టి మధ్యాహ్నమే నేత్రకు ఫోన్ చేసిందట, అది స్కూటీ మీద వచ్చింది.

ఇంకో రోజైతే నేను నవ్వి నవ్వి చచ్చేవాణ్ని. కానీ ఆశ గడపలో నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. తండ్రి దగ్గరికి వచ్చి, పాల వేళ తప్పింది కాబట్టి తాను ఓడిపోయానని, అమరేష్ వాళ్లకు రేపే చెప్పేస్తానని అంది. బావ ఏదో అనబోయాడు. ఆయన కంటే ముందు నేత్ర మాట్లాడింది. కోపంగా ఏమీ కాదు, దూడ మీద నుంచి చెయ్యి తీయకుండానే.

"అప్పా, పూనా ఎంత దూరమో కనుక్కోను విమానమెక్కి పోయినావు. దిబ్బూరహళ్ళి ఎంత దూరమో చెప్పు."

"గంట" అన్నాడు బావ.

"నన్ను రెండు పాల నడుమనే ఇచ్చినావు కదా. పురుడైనాక బిడ్డతో నన్ను దిగబెట్టను వచ్చినావు, అంతే. ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతాండాది. పొద్దున మామ హారన్ కొడితే వాకిట్లోకి వచ్చి చెయ్యెత్తినాను. నువ్వు గడియారం చూసుకుంటా పోయినావు."

 హారన్ కొట్టినవాణ్ని నేనే, వెనక్కి చూడనివాణ్నీ నేనే. బావ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. నేత్ర చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, చీర సర్దుకుని లోపలికి పోయింది. ఆ రాత్రి ఆ ఇంట్లో అన్నం తిన్నారు గానీ ఎవరూ రుచి చూడలేదు.

తెల్లవారి నేను ఇంకా లేవకముందే బావ నన్ను తట్టి లేపాడు. దిబ్బూరహళ్ళి పోవాలన్నాడు. నేత్ర పురుగులు చివరిసారి కుబుసం విడిచి, వాళ్ల మాటలో చివరి జ్వరం దాటి, మల్బరీ ఆకు విపరీతంగా తినే దశలో ఉన్నాయట. వాటిని మొగుడి మీద వదిలేసి ఈ పిల్ల ఇక్కడికి వచ్చింది, అల్లుడు ఒక్కడే ఎంతకని ఆకు కోస్తాడు, పోయి చెయ్యి వేద్దాం అన్నాడు. గౌరి సంగతేమిటని అడిగాను. నేత్ర పిండుతుంది, అమ్మ దగ్గర రెండు రోజులు ఉండనీ అన్నాడు. ఆయన పాకవైపు చూడకుండా బండెక్కడం నా జన్మలో నేను మొదటిసారి చూశాను.

దిబ్బూరహళ్ళిలో బండి దిగితే నేత్ర కూతురు సహన యూనిఫాంలో బడికి తయారై అరుగు మీద ఉంది. ఆ దారిన టమోటా తోలేటప్పుడు నేను ఆగుతుంటాను కాబట్టి నన్ను చూడగానే ఎగిరి వచ్చింది. వెనకనున్న బావను చూసి మాత్రం నా చొక్కా పట్టుకుని వెనక్కి జరిగింది.

"ఈ తాత ఎవరు?" అంది.

నేను చెప్పబోయాను. బావ నన్ను ఆపాడు. ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుని, "గౌరి ఉండాది కదమ్మా. నేను గౌరి వాళ్ల మనిషిని" అన్నాడు.

గౌరి గురించి వాళ్లమ్మ కథలు కథలుగా చెప్పిందేమో, పిల్ల మొహం విప్పారింది. గౌరి నిజంగా బకెట్టును తంతుందా అని అడిగింది. నీ ఎదురుగా ఉన్న ఈ మామనే అడుగు అన్నాడు బావ. నా పరువు ఆ వాకిట్లో పోయింది గానీ వాళ్లిద్దరి మధ్యా మాట కలిసింది. బడి దాకా ఆ పిల్ల పుస్తకాల సంచి ఆయనే మోశాడు.

పగలంతా ఆకు కోశాం, తట్టల్లో పరిచాం. వేల పురుగులు ఆకు నములుతుంటే వాన పడుతున్నట్టు సన్నగా చప్పుడు. బావ ఆ చప్పుడు వింటూ, ఇవి పాలకంటే కష్టం, వీటికి ఒట్టిపోయే కాలం కూడా లేదే అని అల్లుడితో అన్నాడు. సాయంత్రం పాల వేళ దగ్గరపడింది. నేను గడియారం చూపించాను. ఆయన నా చెయ్యి పక్కకు నెట్టి ఇంకో మోపు ఆకు అందుకున్నాడు.

అప్పుడే ఆశ ఫోన్ వచ్చింది. ఆయన చేతులు ఆకుపసరు కాబట్టి నేను ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను. అమరేష్ వాళ్లకు ఏం చెప్పమంటావని అడుగుతోంది. మాట చాలా చిన్నగా వినిపిస్తోంది.

"పూనా దూరమే అమ్మా. సెల్లులో ఏం చెప్పినా దూరమే" అన్నాడు బావ. "అయినా ముహూర్తం పెట్టుకోమను. గౌరి ఒట్టిపోయేదాకా ఆగొద్దు. నీ కాపురం చూడను నేను వస్తాను, నాలుగు దినాలుంటాను."

ఆశ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నాలుగు రోజులు నువ్వుంటే ఇక్కడ పాలెవరు పిండుతారప్పా అని అడిగింది.

"చొక్కా ఇంట్లోనే ఉండాది కదమ్మా" అన్నాడు మా బావ.